ఎట్టి: ఒక చిన్న మాట, నాలుగు భాషలు

కామారెడ్డి, ఎల్లారెడ్డి. రెండూ ఊళ్ల పేర్లే, రెండూ మనుషుల పేర్లే. ఆ పేర్లు ఏ కులం వాళ్లవో ఎవరికీ విడమర్చి చెప్పాల్సిన పని లేదు. కామారెడ్డి పక్కన దోమకొండలో కోట ఉంది. దాన్ని ఏలిన వంశం పేరు చరిత్ర పుస్తకాల్లో దొరుకుతది. కోట గోడకు రాయి మోసినవాళ్ల పేరు ఏ పుస్తకంలోనూ దొరకదు. వాళ్లకు దక్కింది ఒక్కటే మాట, రెండక్షరాల మాట: ఎట్టి.

పుస్తకాల్లో దీన్ని "వెట్టి" అని రాస్తారు. ఊళ్లో "ఎట్టి" అంటరు. చదువుకునే పిల్లవాడు ఇంట్లో విన్న ఈ మాటను విన్నట్టే నిఘంటువులో వెతికితే "ఎట్టి అనగా ఎటువంటి" అని అర్థం కనిపిస్తది. తాత చేసిన పనికీ ఆ అర్థానికీ ఏ సంబంధమూ ఉండదు. మన వాడల మాటకూ పుస్తకం మాటకూ మధ్య ఉన్న దూరం ఇక్కడే మొదలైతది. ఆ ఒక్క "వ" చేర్చుకుని వెతికితే మాత్రం చాలా దూరం పోవచ్చు. గిర్నారు కొండ దాకా, చోళుల గుడిగోడల దాకా, చివరకు పార్లమెంటు చేసిన చట్టం దాకా పోవచ్చు.

ఈ వ్యాసం ఆ దారిలో నడిచే ప్రయత్నం. ఒక పని పేరు మనిషి పేరుగా ఎట్లా మారింది? ఆ పనిని చట్టం రద్దు చేసినా పేరు మనిషిని ఎందుకు వదల్లేదు? ప్రశ్న ఇదీ.

నాలుగు భాషల సరిహద్దు

ఈ మాటను పరిశీలించడానికి కామారెడ్డి జిల్లా కన్నా మంచి చోటు లేదు. 2016 అక్టోబరులో జిల్లా అయ్యేదాకా ఇదంతా నిజామాబాదు జిల్లాలోదే. ఎల్లారెడ్డి నుంచి బాన్సువాడ, బిచ్కుంద మీదుగా జుక్కల్, మద్నూరు పోతే అవతల దెగ్లూరు, అది మరాఠీ సీమ. ఇంకో దిక్కు పోతే బీదరు జిల్లా, అది కన్నడ సీమ. 1956 దాకా ఇవన్నీ ఒకే హైదరాబాదు రాజ్యం, కచ్చేరి భాష ఉర్దూ. పని ఒక్కటే, చేసేవాళ్లు ఒక్కలాంటి వాళ్లే. పేర్లు మాత్రం నాలుగు: తెలుగులో వెట్టి, కన్నడంలో బిట్టి, మరాఠీలో వేఠ్, ఉర్దూలో బేగార్.

మొదటి మూడూ ఒకే చెట్టు కొమ్మలు. వేరు సంస్కృతంలోని "విష్టి". సంస్కృతంలో "ష్ట" ఉన్నచోట ప్రాకృతంలో "ట్ఠ" రావడం మామూలు. దృష్టి దిట్ఠి అయింది, ముష్టి ముట్ఠి అయింది. అట్లాగే విష్టి విట్ఠి, వెట్ఠి అయి, తెలుగులో, తమిళంలో వెట్టిగా నిలిచింది. తెలుగులో "వ" ఉన్నచోట కన్నడంలో "బ" వస్తది. మన వేరు వాళ్లకు బేరు, మన విల్లు వాళ్లకు బిల్లు. కాబట్టి మన వెట్టి వాళ్లకు బిట్టి. మరాఠీలో, గుజరాతీలో అది వేఠ్ అయింది. నాలుగోది, బేగార్, పారసీకం నుంచి సుల్తానుల కచ్చేరీలతో పాటు వచ్చింది.

ఇక్కడ విద్యార్థులకు ఒక హెచ్చరిక. మన తెలంగాణలో "పని పెట్టిండు" అనేది "పని వెట్టిండు" అని పలుకుతది. దాన్ని బట్టి "పని వెట్టి చేయించుకునేది వెట్టి" అనిపించవచ్చు. తమిళంలో వెట్టు అంటే నరుకు, తవ్వు. కాటికాడ గుంత తవ్వే వెట్టియాన్ పేరు దానినుంచే వచ్చిందనీ అనిపిస్తది. వినడానికి ఇంపుగానే ఉంటయి. కాని గుజరాతీ దాకా విస్తరించిన మాటను ఒక్క ఊరి ఉచ్చారణతో తేల్చలేం. శబ్దం సామ్యం చూసి చరిత్ర రాసే అలవాటును పండితులు చేస్తే విమర్శిస్తాం, మనం చేసినా అది తప్పే.

రాజు లెక్కలో

"విష్టి" మొదట్లో తిట్టు మాట కాదు. పని, సేవ అనే అర్థమే. తర్వాత అది రాజుకు ఊరికే చేయాల్సిన పని అయింది. కౌటిల్యుని అర్థశాస్త్రంలో విష్టి రాజ్యానికి ఉన్న వనరుల్లో ఒకటి. సైన్యం కదిలినప్పుడు బాటలు చదును చేయడం, బరువులు మోయడం విష్టి జనం పని. మనుస్మృతి ఏడో అధ్యాయం శిల్పులతో, ఒళ్లు వంచి బతికే శూద్రులతో రాజు నెలకు ఒక రోజు పని చేయించుకోవచ్చని చెప్పింది. శాస్త్రం నెలకు ఒక రోజు అన్నది. తెలంగాణలో ఇరవయ్యో శతాబ్దంలో ఇంటికొక మనిషి రోజూ గడి ముందు నిలబడ్డాడు. ధర్మశాస్త్రం పెట్టిన హద్దు కూడా మన వాడల దగ్గరకు వచ్చేసరికి చెల్లలేదు.

క్రీ.శ. 150 ప్రాంతంలో గుజరాత్‌లో జునాగఢ్ దగ్గర రుద్రదాముడు చెక్కించిన శాసనం ఉంది. తుపానుకు తెగిపోయిన సుదర్శన తటాకం కట్టను మళ్లీ కట్టించానని, దానికోసం జనాన్ని పన్నులతో గాని విష్టితో గాని పీడించలేదని, సొంత ఖజానా నుంచి ఖర్చు పెట్టానని అందులో చెప్పుకున్నాడు. దీన్ని పాఠ్యపుస్తకాలు రాజు మంచితనంగా చెప్తయి. మనం తిరగేసి చదవాలి. పీడించలేదని రాతిమీద చెక్కించుకోవాల్సి వచ్చిందంటే మిగతా చెరువులు, మిగతా కట్టలు ఎట్లా లేచినట్టు? చేయని పాపాన్ని గొప్పగా చెప్పుకోవడం, ఆ పాపం అందరూ చేసే రోజుల్లోనే కుదురుతది.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ విదర్భ వాకాటకులది. ఐదో శతాబ్దంలో రెండో ప్రవరసేనుడు చమ్మక్ రాగి రేకుల మీద ఒక ఊరిని వెయ్యిమంది బ్రాహ్మణులకు దానం రాసిచ్చాడు. ఆ ఊరికి ఇచ్చిన మినహాయింపుల్లో అన్ని రకాల విష్టి నుంచి మినహాయింపు ఒకటి. రాజు వదులుకున్నాడు నిజమే. మరి ఊరి జనానికి వెట్టి తప్పిందా? భూమితో పాటు మనుషుల శ్రమ మీద హక్కు కూడా దానం పట్టినవాళ్ల చేతికి పోయిందని ఆర్.ఎస్. శర్మ వంటి చరిత్రకారులు వాదించారు. తమిళ దేశంలో చోళుల శాసనాల్లో "వెట్టి" పన్నుల జాబితాలో మళ్లీ మళ్లీ కనిపిస్తది. ధాన్యం, కాసు, వెట్టి, ఇవన్నీ ఒకే వరుసలో ఉంటయి. అంటే మనిషి ఒళ్లు కూడా ఒక పద్దు. రాజు దాన్ని వసూలు చేయవచ్చు, మాఫీ చేయవచ్చు, ఇంకొకరికి దానం చేయవచ్చు. ఆ ఒళ్లు ఎవరిదో వాళ్లను అడిగిన శాసనం మాత్రం లేదు.

ఇంకో సంగతి. పంచాంగంలో విష్టి అనే పేరుతో ఒక కరణం ఉంది, దాన్నే భద్ర అంటారు. శుభకార్యాలకు పనికిరాదని దాన్ని వదిలేస్తారు. రెండింటికీ పుట్టుక ఒక్కటేనని నేను అనడం లేదు, మాట రూపం ఒక్కటి. అయ్యవారు పంచాంగంలో విష్టిని తప్పించుకున్నాడు. మాలవాడ, మాదిగవాడ గడి ముందట దాన్ని తప్పించుకోలేకపోయినయి.

పని పేరు మనిషికి అంటుకుంది

నిజాం కాలానికి వద్దాం. ఊళ్లో దొర, దేశ్‌ముఖు, మాలీ పటేలు, పోలీసు పటేలు, పట్వారీ. పైనుంచి వచ్చిపోయే గిర్దావరు, తహసీల్దారు, పోలీసు జమాను. వీళ్లందరికీ జరిగే సేవ పేరు వెట్టి. చాకలి బట్టలు ఉతకాలె. కుమ్మరి కుండలు ఇయ్యాలె. మంగలి ఒళ్లు పట్టాలె. గౌండ్లాయన కల్లు పొయ్యాలె. గొల్లాయన గొర్రెను తోలాలె. కోమటి చావడికి సామాన్లు పంపాలె. మాదిగ చెప్పులు కుట్టాలె, మోట బొక్కెనకు తోలు పెట్టాలె, డప్పు కొట్టాలె. మాల ఉత్తరం పట్టుకుని పక్క ఊరికి ఉరకాలె, బరువు మొయ్యాలె, రాత్రి కావలి ఉండాలె. దొర బిడ్డ పెండ్లయితే ఆమె వెంట ఆడబాపలు పోవాలె. వాళ్ల ఒంటి మీద కూడా వాళ్లకు హక్కు లేదు.

పైకి చూస్తే అందరిదీ వెట్టే. చాలా చరిత్ర పుస్తకాలు ఇక్కడే ఆగిపోతయి: "సకల కులాలూ వెట్టితో బాధపడ్డాయి" అని రాసి దాటిపోతయి. ఒక తేడాను మాత్రం ఎవరూ పట్టించుకోరు. కోమటికి వెట్టి నష్టం. ఇచ్చిన సరుకుకు డబ్బు రాలేదు, అంతే. వెట్టి పోయిన తెల్లారి అతను మళ్లీ షావుకారే. చాకలికి, కుమ్మరికి వెట్టి పీడనే, కాని వాళ్ల పేరు వాళ్ల వృత్తి పేరు. మాల మాదిగల దగ్గర మాత్రం వెట్టి చేసే పనిగా ఉండలేదు, మనిషి పేరు అయింది. "ఎట్టోడు ఏడి?" "ఎట్టోన్ని పిలువు." కోస్తా జిల్లాల్లో గ్రామ నౌకరు ఉద్యోగం పేరే వెట్టి, తలారి. తమిళనాడులో కాటిపని చేసే దళితుడు వెట్టియాన్. ఉర్దూ కచ్చేరి నుంచి వచ్చిన బేగార్ మన దగ్గర "బేగరి" అయింది. మెతుకు సీమలో, హైదరాబాదు చుట్టుపక్కల అది ఎన్నో మాల కుటుంబాల ఇంటిపేరు. వేరే భాష నుంచి వేరే దారిలో వచ్చిన మాట కూడా అదే గుమ్మం ముందు ఆగింది, అదే మనిషికి అంటుకుంది.

అంబేడ్కర్ 1936లో కులనిర్మూలన గ్రంథంలో కులమంటే పనుల విభజన ఒక్కటే కాదని, పనిచేసేవాళ్లనే విడగొట్టడమని తేల్చి చెప్పాడు. ఆ మాటకు సాక్ష్యం కావాలంటే ఎక్కడికో పోనక్కర లేదు, ఈ రెండక్షరాల చరిత్రే సాక్ష్యం. విష్టి పనిగా బయలుదేరింది. వెట్టివాడుగా, వెట్టియాన్‌గా, బేగరిగా వచ్చి చేరింది. మధ్యలో పని పోయి మనిషి మిగిలాడు. 1928లో బొంబాయి శాసనమండలిలో అంబేడ్కర్ మహర్ వతన్ మీద బిల్లు పెట్టింది కూడా ఈ ముడిని విప్పడానికే. వతన్ భూమి తుండు ఇచ్చి, దాని పేరు మీద ఇల్లిల్లును, తరం తరువాత తరాన్ని సర్కారు పనికి కట్టేసిన ముడి అది. బొంబాయి రాష్ట్రంలో ఆ వతన్ల రద్దు చట్టం 1958లో గాని రాలేదు. మన దిక్కున నీరడి ఇనాం, బలుత ఇనాం, సేత్‌సింది ఇనాం అదే ముడికి తెలంగాణ పేర్లు.

తెలుగులో ఎందుకు మెత్తబడలేదు

ఇప్పుడు సరిహద్దు దాటి ఈ మాట ఈనాటి అర్థాలు చూద్దాం. కన్నడంలో "బిట్టి" అంటే ఇప్పుడు ఉచితం, పుక్కటికి వచ్చింది అని. 2023లో కర్ణాటకలో పేదలకు బియ్యం, ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఇస్తే గిట్టనివాళ్లు వాటిని "బిట్టి భాగ్య" అని ఎద్దేవా చేశారు. ఊరికే పనిచేసినవాళ్ల మాటతోనే, ఊరికే తింటున్నరని వాళ్ల మనుమలను వెక్కిరించారు. తమిళంలో "వెట్టి" అంటే పనీపాటా లేకపోవడం. "వెట్టి పేచ్చు" అంటే ఉబుసుపోక మాట. పొద్దంతా చాకిరి చేసినవాడి పేరు సోమరి పేరయింది. మరాఠీలో "వేఠీస్ ధరణే" అంటే ఒకప్పుడు వెట్టికి పట్టుకుపోవడం. ఇప్పుడు ఒకరిని బందీ చేసి లొంగదీయడం. కార్మికులు సమ్మె చేస్తే, జనాన్ని వేఠీస్ పట్టుకున్నరని పత్రికలు రాస్తయి. చేసేవాడే చేయించేవాడైపోయాడు!

మాట మారడం భాషలో మామూలే అనవచ్చు. ఎటు మారిందన్నదే చూడాలి. శ్రమ తీసుకున్నవాడి వైపు నుంచి చూస్తేనే వెట్టి "ఉచితం". చేసినవాడికి అది ఏనాడూ ఉచితం కాదు. ఇది మన దేశపు వింత కూడా కాదు. ఫ్రెంచివాళ్లు వెట్టిని కార్వే అంటారు. దాని లాటిన్ మూలానికి అర్థం "రమ్మని అడిగిన పని". అడిగారట! చెక్ భాషలో రోబోటా అంటే వెట్టి. 1920లో కారెల్ చాపెక్ తన నాటకంలో మరమనుషులకు పేరు కావాలంటే అతని అన్న ఆ మాట నుంచే "రోబో" అనే పేరు తీసిచ్చాడు. ఎదురు మాట్లాడని, కూలి అడగని పనిమనిషికి పేరు వెతికితే యూరప్‌కు కూడా దొరికింది వెట్టిమాటే.

మరి తెలుగులో వెట్టి ఎందుకు "ఉచితం"గా మారలేదు? ఇప్పటికీ ఆ మాట వింటే ఒళ్లు మండుతది. కారణం, ఇక్కడ ఆ మాట మీద కొట్లాట జరిగింది. 1921లో హైదరాబాదులో పుట్టిన ఆంధ్ర జనసంఘం వెట్టి మీద సర్కారు ఉత్తర్వులను జనానికి తెలియజెప్పే పని పెట్టుకుంది. మొదట్లో వర్తకుల ఇబ్బందులే ఎక్కువగా వినిపించాయన్నది మరువకూడదు. 1930లో ఎల్లారెడ్డికి దగ్గరి జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ, 1935లో కామారెడ్డి పక్కన సిరిసిల్లలో నాలుగోది, 1937లో నిజామాబాదులో ఆరోది జరిగినయి. తర్వాత నల్లగొండ, వరంగల్లు జిల్లాల్లో "వెట్టి బందు" సాయుధ పోరాటమైంది. 1978లో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాల్లో కూలీలు మళ్లీ అదే మాట ఎత్తి దొరలను సాంఘికంగా బహిష్కరించారు. సర్కారు ఆ తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించింది. అటు హిమాలయాల్లో 1921 జనవరిలో కుమావూ రైతులు బాగేశ్వర్‌లో బేగారు చిట్టాలను సరయూ నదిలో పారేశారు. కొట్లాడిన చోట మాట పదును పోలేదు.

చట్టంలో చివరి మాట

రాజ్యాంగం 23వ అధికరణం బేగారును నిషేధించింది. ఇంగ్లీషులో రాసుకున్న రాజ్యాంగంలో బేగార్ అనే మాటను మార్చకుండా అట్లాగే ఉంచారు, దానికి సరిపడే మాట దొరలభాషలో లేదు కాబట్టి కావచ్చు. 1982లో ఏషియాడ్ కట్టడాల కూలీల కేసులో సుప్రీంకోర్టు ఈ మాటకు అర్థం కోసం మోల్స్‌వర్త్ మరాఠీ నిఘంటువును కూడా తిరగేసింది. అక్కడితో ఆగకుండా, కనీస వేతనం కన్నా తక్కువకు చేయించినా అది బలవంతపు చాకిరే అన్నది. ఆకలి కూడా బలవంతమేనని గుర్తించింది.

నిజాం ప్రభుత్వం 1936లో, మళ్లీ 1943లో భాగేలా ఒప్పందాల మీద చట్టాలు తెచ్చింది. అప్పు తీసుకుని, ఆ అప్పు కింద ఏండ్లకేండ్లు కట్టుబడి పనిచేసే మనిషి భాగేలా. 1931 నాటికి ఎల్లారెడ్డి పక్కన నిజాంసాగర్ పూర్తయింది, కాలువల కింద చెరుకు, వరి పెరిగినయి. నీళ్లు వచ్చినంత మాత్రాన మాల మాదిగలకు భూమి రాలేదు. వచ్చిన మడి దగ్గర జీతం ఉండడానికి మనుషులు కావాల్సి వచ్చారు. పంతులు జీతం, జీతగాడి జీతం రెండూ ఒకే మాట. ఒకటి నెల తిరిగితే చేతికొస్తది, ఇంకోటి అప్పు కింద పోతది.

1976 నాటి వెట్టిచాకిరి పద్ధతి రద్దు చట్టం తీసి చూడండి. అందులో దేశంలోని కట్టుబానిసత్వం పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరక్రమంలో వరుసగా ఉంటయి. భాగేలా ఉంది, జీతా ఉంది, పాలేరు ఉంది. జాబితాలో చిట్టచివరి మాట వెట్టి. రుద్రదాముడి రాతి నుంచి బయలుదేరిన మాట పద్దెనిమిది వందల ఏండ్లు నడిచి అక్కడ ఆగింది. ఇంకో ముఖ్యమైన సంగతి పదిహేనో సెక్షన్. వెట్టి అప్పు అని కూలి రుజువు చేయనక్కర లేదు. కాదని రుజువు చేయాల్సింది అప్పిచ్చినవాడు. కార్యకర్తలు ఈ ఒక్క సెక్షన్ నోటికి పట్టుకోవాలె. ఎందుకంటే ఇటుక బట్టీ దగ్గరో, కోళ్లఫారం దగ్గరో కూలీలను విడిపించబోతే ఇప్పటికీ వినిపించే మొదటి మాట: "అడ్వాన్సు తీసుకుండ్రు గదా, ఇది వెట్టి ఎట్లయితది?" అడ్వాన్సు తీసుకున్నరు కాబట్టే అది వెట్టి అయితది. చట్టం చెప్పేది అదే.

ఆఫీసు భాష మాత్రం పేర్లు మార్చుకుంటూ పోయింది. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయింది. పటేలు పోయిండు గాని అతని ముందు నిలబడ్డ మస్కూరి, సుంకరి, నీరడి పోలేదు. గ్రామ సేవకుడన్నారు, తర్వాత గ్రామ రెవెన్యూ సహాయకుడన్నారు. జీతం పేరు మీద గౌరవ వేతనం ఇచ్చి, రోజంతా చేయించుకున్నారు. 2022లో తెలంగాణలో వాళ్లు నెలల తరబడి సమ్మె చేసి, 2023లో ఇతర శాఖల్లో సర్దుబాటు తెచ్చుకున్నారు. మండలాఫీసులో చాయ్ తెచ్చే పని వదిలి ఫైలు పట్టుకునే పనికి రావడానికి ఒక కులానికి ఎన్ని తరాలు పట్టిందో ఆ సమ్మె చెప్తది.

కామారెడ్డి నుంచి గల్ఫ్ పోయిన పిల్లలు ఇంకో మాట తెచ్చిండ్రు: ఖల్లివల్లి. అరబ్బీలో అది "పోనీ, వదిలెయ్" అనే మాట. మన ఊళ్లలో కఫీలును వదిలి పారిపోయి, కాగితాలు లేకుండా బతికే మనిషికి పేరయింది. మళ్లీ అదే కథ: మాట పనిని వదిలి మనిషిని పట్టుకుంది. పాస్‌పోర్టు గుంజుకుని చేయించుకున్న చాకిరికి పేరు లేదు, దాన్ని వదిలి పోయినవాడికి మాత్రం పేరుంది.

కాబట్టి మన పని రెండు దిక్కులా ఉంది. ఒకటి, ఈ మాటను మనిషి మీదినుంచి తీయాలె. బేగరి ఇంటిపేరు ఉన్న పిల్లవాడు సిగ్గుపడనక్కర లేదు, ఆ సిగ్గు చేయించుకున్నవాళ్లది. రెండు, అదే మాటను మళ్లీ పనికి అంటగట్టాలె. బట్టీ కాడ, ఫారం కాడ, ఫ్లాటు కాడ, ఎడారిలో, ఎక్కడ మనిషి వదిలిపోలేని పని చేస్తున్నడో అక్కడ దాన్ని వెట్టి అనే పిలవాలె. అడ్వాన్సనీ, ఒప్పందమనీ, సేవ అనీ పేరు మార్చనీయొద్దు. రాజులు దీన్ని రాతి మీద రాసుకున్నరు, దొరలు ఒంటి మీద రాసిండ్రు. ఇక మనం ఫిర్యాదు కాగితం మీద రాయాలె, "వ" ఉన్నా లేకున్నా.